ఐరేని కుండలిచ్చిన వాడ

ఎల్లారెడ్డిలో మా మామ ఇంటి అరుగు తీసేస్తున్నారని రవి ఫోన్ చేసినప్పుడు నేను పప్పుకు తాలింపు పెడుతున్నాను. రవి మా మేనమామకు మనుమడు, నన్ను అత్తా అంటాడు. బజారు వెడల్పు చేస్తున్నారట. మనకు అరుగు, దాని మీది కప్పు మాత్రమే పోతాయట. ఎదురు వరస ఇండ్లు మొత్తానికి మొత్తం పోతాయట. వాన పడేట్టుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు వాడు ఈ మాటలు. "నీకు చెప్పకపోతె మల్ల అంటవని చెప్తున్న అత్తా. నువ్వు వచ్చుడేం అవసరం లేదు" అని కూడా అన్నాడు. అవసరం లేదన్న చోటికి పోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పొయ్యి ఆర్పి, పప్పు మీద మూత పెట్టి, కామారెడ్డి బస్టాండుకు పోయి ఎల్లారెడ్డి బస్సెక్కాను.

నేను పోయేసరికి కప్పు సగం విప్పేశారు. పైనున్న కూలి మనిషి గూనపెంకలు ఒక్కొక్కటే కిందికి విసురుతున్నాడు, అవి పడ్డ చోటల్లా ముక్కలవుతున్నాయి. ఎలుకలు పెట్టిన గూళ్లు, పాత మసి, కుళ్లిన గడ్డి కలిసిన వాసన వాకిలంతా నిండింది. "జర మెల్లగ అందియ్యి నాయనా" అన్నాను. "ఏం జేస్కుంటవమ్మా వీటిని, ఇప్పుడెవడు వేస్తడు" అని నవ్వాడు. పగలకుండా మిగిలిన పెంక ఒకటి ఎత్తి, చీర కొంగుతో తుడిచి, తిప్పి చూశాను. వెడల్పు అంచు దగ్గర కందిగింజ పట్టేంత గుంట ఉంది. అది మా అవ్వ బొటనవేలి గుర్తు. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి, రాజవ్వ. ఆ పెంక ఎల్లారెడ్డిది కాదు. కామారెడ్డిలో మా ఇంటి మీదిది.

"ఎదురు వరసోళ్ల సంగతేందిరా రవీ? వాళ్లకోసం ఎవలన్న పోయి అడిగిండ్రా?" అన్నాను.

"ఎవలు పోతరత్తా. వాళ్లది వాళ్లు జూస్కుంటరు. అరుగు వోతె వోయె, మనదేం పోతలేదు గద. ఇంకా మంచిగైతది, మన ఇల్లు రోడ్డు మీదికొస్తది."

వాడు చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే లింగంపేట దాటి బండి మీద వచ్చి మందులిచ్చి పోతాడు. కాని ఆ మాట వినగానే పోబోయే అరుగు మీదనే కూర్చుండిపోయాను. మనదేం పోతలేదు గద అన్న మాట నేను వినడం అది మొదటిసారి కాదు. ఆ మాట అనిపించుకున్న మనిషి చీర కొంగు పట్టుకొని నిలబడి విన్నదాన్ని.

కామారెడ్డిలో రైలు స్టేషనుకూ చెరువుకూ నడుమ ఉండేది మా కుమ్మరి వాడ. ఇప్పుడు ఎవరినడిగినా తెలియదు, ఆటోవాళ్లకు అసలే తెలియదు. ఒక్కటే సందు, రెండు దిక్కులా ఇండ్లు, చివర వేపచెట్టు కింద పోచమ్మ. ఆ పోచమ్మకు పూజారులం మేమే, కుమ్మరోళ్లం. తెల్లవారి లేస్తే మా వాడలో ముందు వినబడేది కోడి కూత కాదు, మన్ను తొక్కే పాదాల చప్పుడు. చెరువు నుంచి తెచ్చిన నల్లమన్నును రాత్రి నానబెట్టి, పొద్దున్నే బూడిద చల్లి, అమ్మ తొక్కుతూ ఉండేది. ఆ మన్ను వాసన, కుండలు పేర్చి ఆము కాల్చిన నాడు పిడకల పొగ వాసన, కాలిన కుండ మీద మొదటిసారి నీళ్లు పోస్తే వచ్చే వాసన, ఇవి మా వాడ వాసనలు. నేను ఈ వయసులో కూడా ఎండాకాలం కొత్త కుండ కొంటే నీళ్లు పోసి, ముఖం లోపలికి పెట్టి వాసన చూస్తాను. చూసినవాళ్లు ముసలిదానికి మతి పోయిందనుకుంటే అనుకోనీ.

బాపు సారె తిప్పేవాడు. మా దగ్గర ఆడవాళ్లు సారె ముట్టరు, మిగిలిన పనంతా వాళ్లదే. గూనపెంక ఎలా చేస్తారో ఇప్పటి పిల్లలకు తెలియదు. సారె మీద పొడుగ్గా, అడుగు లేని కుండలా లేపి, పచ్చిగా ఉన్నప్పుడే నిలువునా కోస్తే రెండు పెంకలవుతాయి. కోసిన అంచును అవ్వ తడి బట్టతో సాపు చేసేది. అమ్మే పెంకలను అంతటితో వదిలేసేది. మా వాడ ఇండ్ల కోసం చేసినవైతే మాత్రం అంచు దగ్గర బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేది. "ఎందుకవ్వా?" అని అడిగితే, "మనదని పెంకకు తెలువాలె గద పిల్లా" అనేది. మనకు తెలియడానికి కాదట, పెంకకు తెలియడానికట. ఆమె లెక్కలు అట్లా ఉండేవి. కుండను కొనేవాళ్లకిచ్చే ముందు వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేది. నచ్చకపోతే, వచ్చింది ఎంత పెద్ద మనిషైనా, "ఇది వద్దు, రేపు రా" అని పంపేది. గడప దాటుతూ ఎవరైనా "పోత" అంటే మాత్రం ఊరుకునేది కాదు. పోయొస్త అనాలి. పొరపాటున అనకపోతే వెనక్కి పిలిచి మరీ అనిపించేది.

వాడ చివర దూదేకుల ఇమాంబీ ఇల్లు. ఆమె పెనిమిటి ఖాసిం దూది ఏకుతుంటే ఆ వింటి మోత మధ్యాహ్నమంతా మా వాడకు జోలపాట. ఇమాంబీ మా అవ్వను రాజక్కా అని పిలిచేది. ఇద్దరూ రోజుకొకసారి పోట్లాడుకోకపోతే వాళ్లకు అన్నం అరిగేది కాదు. కుమ్మరోళ్ల నడుమ దూదేకులోళ్లేందని అడిగే మనిషి మా వాడలో లేడు. పీరీల పండుగకు అవ్వ బిందెడు నీళ్లు మోసేది, పోచమ్మ బోనానికి ఇమాంబీ మా ఇంటి ముందు అలికేది.

ఇక పెండ్లిండ్ల సంగతి చెప్పాలి. మా దిక్కు పెండ్లికి ఐరేని కుండలు లేనిదే పందిట్లో పని మొదలు కాదు. ఊళ్లో ఏ కులం వాళ్ల పెండ్లయినా ఆ ఇంటి ఆడవాళ్లు డప్పు, సన్నాయితో మా వాడకు రావాలి, సారెకు పసుపూ కుంకుమా పెట్టి మొక్కాలి, కుండలు నెత్తిన పెట్టుకొని పోవాలి. ఆ కుండలకు సున్నమూ ఎర్రటి జాజూ పూసి, పూలూ చిలుకలూ రాయడం అవ్వ పని. రాస్తున్నప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు, నోట్లో ఆకూవక్కా నములుతూ ఉండేది. కుండలు అప్పగించి, "మల్ల రాండ్రి" అనేది. అంటే మీ ఇంట మళ్లీ పెండ్లి కావాలని దీవెన. పైవాడల్లో పెద్దింటి కోడళ్లు ఆ మాట కోసం తల వంచి నిలబడటం నేను చూశాను. ఊరు మొత్తం మాకు చుట్టమే అనుకునేదాన్ని. చిన్నదాన్ని, ఏం తెలుసు.

ఒక యేడు చలికాలం మొదట్లో మా ఇంట్లో, మూలకు పెట్టి మొక్కే కూరాడు కుండ పక్కన ఒక ఎలుక చచ్చిపడి ఉంది. అవ్వ దాని మీద బూడిద పోసి, బయటికి వచ్చి, వాడంతా వినబడేట్టు "ఎలుక రాలింది" అంది. అంతే, మన్ను తొక్కే కాళ్లు ఆగిపోయాయి. అది ప్లేగు. మావాళ్లు గడ్డల రోగం అనేవాళ్లు. సాయంత్రానికి దండోరా వేశారు. అందరూ ఇండ్లు విడిచి ఊరి బయట గుడిసెలేసుకోవాలి, ఇండ్లలో ఎండ పడేట్టు కప్పు మీది పెంకలు తీసిపెట్టాలి. ఊరంతటికీ అదే హుకుం. మా బాపు తన చేతులతో చేసిన పెంకలను తనే దింపాడు. అవ్వ వాటిని గోడవారకు, ఒకదాని మీద ఒకటి బోర్లా పేర్చింది. పొయ్యి ఎర్రమన్నుతో అలికి, ముగ్గు వేసి, గుమ్మానికి వేపమండ కట్టింది. అమ్మ "పోదాం పాండ్రి" అనగానే ఆమె మీద కస్సుమంది. తర్వాత తలుపుచెక్క మీద చెయ్యి పెట్టి, కోడలితో చెప్పినట్టు చెప్పింది. "పోయొస్తనే. పైలం. మల్లొస్త."

చెలకల్లో తాటాకులూ జొన్నచొప్పా కప్పిన గుడిసెల్లో ఉన్నాం. మాకు పిల్లలకు అది జాతరలాగే ఉండేది, అబద్ధమెందుకు. రాత్రి చలిమంట, పొద్దున జొన్న గట్క, పగలంతా రేగుపండ్లు. పెద్దవాళ్ల ముఖాలు చూసినప్పుడే భయమేసేది. మా వాడలో మనిషి పోలేదు గాని ఖాసింకు గడ్డ లేచింది. అది పగిలి, చావు తప్పి బతికాడు. పుండు మాత్రం మానలేదు. ఉగాది నాటికి ఊళ్లో రోగం తగ్గింది, ఇండ్లలోకి పోవచ్చన్నారు. దవాఖాన మనిషి వచ్చి చూసి, "ఖాసిం పుండు మానేదాక వాడలకు రావద్దు, కడమోళ్లు పోవచ్చు" అన్నాడు.

పైవాడల వాళ్లు ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు, వీలైన రోజు వీలైనవాళ్లు పోయి పెంకలెక్కించుకున్నారు. మా వాడకు అట్లా లేదు. మా వాడ ఖాళీ అయి మళ్లీ నిండాలంటే ఒక పద్ధతి ఉంది. పోచమ్మ ముందు దీపం వెలిగించి, ఆ అగ్గిని అన్ని పొయ్యిలకూ ఒక్కనాడే పంచాలి. ఒక్క పొయ్యి చీకట్లో ఉన్నా ఇంకో పొయ్యిలో అగ్గి వెయ్యరాదు. అగ్గి పడని ఇంటికి కప్పు కప్పరాదు, చల్లని పొయ్యి మీద కప్పు దిక్కులేని కొంపకే కప్పుతారు. ఇమాంబీ పొయ్యి కూడా మా లెక్కలోని పొయ్యే. ఖాసిం రాకుండా ఇమాంబీ రాదు. ఇమాంబీ రాకుండా మేం పోలేం.

ఇమాంబీ తనే వచ్చి చెప్పింది. "రాజక్కా, మీరు పోండ్రి. మేం తర్వాత వస్తం. మా కోసం ఎందుకు గిట్ల."

"నోరు ముయ్యి. నీ ఇల్లు వాడల లేదా? నువ్వు తర్వాతొస్తె అది వాడ ఎట్లయితది?"

బాపు నెమ్మదిగా, "అవ్వా, కనీసం పెంకలన్న ఎక్కిస్తం. పొయ్యి తర్వాత ముట్టిద్దం" అన్నాడు.

"సల్లని పొయ్యి మీద కప్పేస్తె ఇల్లు పీనుగైతది కొడుకా. జర ఆగుండ్రి. పుండెంత, మానదా?"

మానలేదు. ఎండలు ముదిరాయి. రోహిణి కార్తెలోనే, ఇంకా మృగశిర రాకముందే, పోచారం దిక్కు నుంచి మబ్బు లేచింది. మట్టి గోడలు, పైన కప్పు లేదు. అవ్వ ఆ మబ్బును చాలాసేపు చూసింది. తర్వాత జీవితంలో మొదటిసారి తన మాట తనే వెనక్కి తీసుకుంది. "కప్పుండ్రి. పాపముంటె నా మీద వడనియ్యి. ఊర్లెకు వోయి చేతులడుగుండ్రి. ఊరంత వస్తె పొద్దుమీకే లోపల వాడ కప్పొచ్చు." అందులో వింత ఏమీ లేదు. చెరువు కట్టకు గండి పడితే ఊరు ఊరంతా తట్టలు పట్టుకొని పరుగెత్తడం అందరూ ఎరిగిందే. బాపూ, మిగతావాళ్లూ వాడవాడకూ పోయి అడిగారు. ఎవరూ రాము అనలేదు. చూద్దాం అన్నారు, జరాగుండ్రి అన్నారు. ఒకాయన, కుమ్మరోళ్ల పద్ధతులు కుమ్మరోళ్లకే తెలుసు, మమ్మల్నడిగి ఆగిండ్రా అన్నాడట. మావాళ్లు తిరిగి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఉన్నవాళ్లతోనే నిచ్చెనలు వేసి నాలుగిండ్లు కూడా కప్పలేదు, ముసురు పట్టింది. జోరు వానైతే గోడ తట్టుకుంటుంది, ముసురుకు తట్టుకోదు. లోపలి నుంచి నాని నాని కూర్చుంటుంది. మా ఇల్లు కూర్చున్న తీరు నేను చూశాను. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని సామెత. మాకు గుదియ దెబ్బ కూడా అక్కర లేకపోయింది.

గోడలు పోతే పోయాయి, మన్ను మాకు కొత్తది కాదు, మళ్లీ పెట్టుకుంటామనుకున్నాం. వాన వెలిసి, ఖాసిం పుండు మాని, గోడలకు మన్ను తెచ్చేసరికి కచ్చేరి మనిషి వచ్చి పని ఆపమన్నాడు. స్టేషను పక్క జాగా, గంజికి, అంటే ధాన్యం అమ్మే బజారుకు, గోదాములు కావాలి. ఇవి పాడుపడ్డ కొంపలు, ఇక్కడ ఎవరూ ఉండటం లేదు అని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారో ఈనాటికీ తెలియదు. కచ్చేరిలో రాసే పేష్కారు మాత్రం మర్యాదగానే మాట్లాడాడు. "చూడవ్వా, మీ మాట మీరు చెప్పుకుంటే చెల్లదు. మీ వాడోళ్లు గాకుండ ఊరి పెద్దమనుషులు నలుగురు వచ్చి, ఇవి పాడుపడ్డ ఇండ్లు గావు, రోగానికి ఇడిచిపోయినయి అని నోటితోని చెప్తె చాలు. సోమవారం కచ్చేరి దొర ముందల చెప్పాలె."

నలుగురు. మా అవ్వ ముఖం వెలిగిపోయింది. ఊళ్లో నలుగురు దొరకరా? నిజం చెప్పడానికేగా. నన్ను వెంటబెట్టుకొని బయలుదేరింది. ముందు బట్టల దుకాణం నర్సింలు సేటు ఇంటికి పోయాం. ఆయన పెండ్లికీ, ఆయన చెల్లెండ్ల పెండ్లిండ్లకూ ఐరేండ్లు మా ఇంటి నుంచే. సేటు లేచి నిలబడ్డాడు, పీట వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు. అంతా విని, కండ్లలో నీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు. తర్వాత, "అయ్యో పాపం. కాని మాదేం పోతలేదు గదవ్వా. నడుమల నేనెందుకు" అన్నాడు.

అవ్వకు ముందు అర్థం కాలేదు. "నీది పోతుందని ఎవలన్నరు బిడ్డా? మాది పోతున్నది. అందుకే నిన్ను చెప్పమంటున్న."

"అదే అవ్వా. మీది మీరు చెప్పుకోవాలె గద" అన్నాడాయన, ఎంతో ఓపికగా.

అట్లా తిరిగాం. ఒక పటేలుకు నాట్లున్నాయి. సాలె వాడ పెద్దమనిషి, "మేం మొన్ననే ఇండ్లల్ల జొచ్చినం. ఇప్పుడు నోరు తెరిస్తె మా దిక్కు చూస్తరు, మమ్ముల ఎందుకు కదిలిస్తవు" అన్నాడు. ఒకరింట్లో ఆడవాళ్లు నా చేతిలో బెల్లం ముక్క పెట్టి, మగవాళ్లు లేరన్నారు. లోపల దగ్గు వినిపిస్తూనే ఉంది. "నీ పెండ్లికి ఐరేండ్లు యాడికెల్లి తెచ్చిండ్రు బిడ్డా?" అని అవ్వ ఒక్కచోట మాత్రం అడిగింది. ఆ మనిషి తల వంచుకున్నాడు తప్ప వస్తాననలేదు. వాళ్లు చెడ్డవాళ్లయితే బాగుండేది. తిట్టుకోవడానికి వీలుండేది. అందరూ మంచివాళ్లే, మజ్జిగ ఇచ్చినవాళ్లే.

సోమవారం అవ్వ పొద్దున్నే తలంటుకొని, ఉన్నదాంట్లో మంచి చీర కట్టుకొని, కచ్చేరి ముందు కూర్చుంది. వాడంతా వెనక కూర్చుంది. ఆమె ముఖం మాత్రం బజారు నుంచి వచ్చే బాట వైపే. మధ్యాహ్నం పేష్కారు బయటికి వచ్చి, "ఎవలన్న వస్తున్నరా అవ్వా?" అని అడిగాడు. "వస్తరు" అంది. ఎండ తిరిగింది. ఆయన మళ్లీ వచ్చి నిలబడ్డాడు గాని ఈసారి అడగలేదు. బాపు భుజం పట్టుకొని లేపితే గాని అవ్వ లేవలేదు. నడుస్తూ ఒక్కమాట అంది. "గోడలు వానకు కూలినయి కొడుకా. వాడ వానకు కూలలె."

మా మామ ఎల్లారెడ్డి నుంచి బండి కట్టుకొని వచ్చాడు. అవ్వ ఆ బండిలో సామాను కంటే ముందు, కూలిన మట్టిలోంచి తీసిన పెంకలు ఎక్కించింది. ఇమాంబీ వాళ్లు భిక్నూర్ లో తమ్ముడి దగ్గరికి పోయారు, మిగిలినవాళ్లు ఒకరు నస్రుల్లాబాద్, ఒకరు ఇంకో ఊరు. బండి కదిలేటప్పుడు ఇమాంబీ మా అవ్వ చేతులు పట్టుకొని, "నా పొయ్యి కోసం ఆగి అందరి పొయ్యిలు ఆర్పుకున్నవు రాజక్కా" అని ఏడ్చింది. అవ్వ ఆమెను తిట్టింది. ఎప్పటిలా గట్టిగా తిట్టలేకపోయింది. ఆ ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

ఎల్లారెడ్డిలో బాపు వేరేవాళ్ల సారె మీద పని చేశాడు. తన సారె లేని కుమ్మరి ఎలా ఉంటాడో నేను రాయను, రాయడానికి చేతులు రావు. అవ్వ పెంకలను మామ పెరట్లో పేర్చింది, కింద వేపపుల్లలు పరిచి, బోర్లా, ఒకదాని మీద ఒకటి. ఏటా వానలకు ముందు వాటి మీద గడ్డి కప్పేది, వానలయ్యాక దులిపి మళ్లీ పేర్చేది. మామ ఒకసారి, "కొట్టం కురుస్తున్నది, ఓ నాలుగు పెంకలు తీస్కుంటనత్తా" అంటే, "అవి ఇక్కడి పెంకలు గావు కొడుకా" అంది. మల్లొస్తనని ఇంటికి చెప్పి వచ్చింది కదా. ఆ ఇల్లు లేదని ఆమెకు తెలియక కాదు. చెప్పిన మాట ఒకటి ఉంది.

కొన్నేండ్లకు ఎండాకాలంలో కామారెడ్డి నుంచి ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. నర్సింలు సేటు బిడ్డ పెండ్లట. ఊళ్లో కుమ్మరి వాడ లేదు, సంతలో కుండలు దొరుకుతాయి గాని ఐరేండ్లు రాసేవాళ్లు లేరట. అమ్మ తలుపు వేయబోయింది. అవ్వ ఆపింది. "పెండ్లిపిల్ల ఏం జేసింది పాపం" అని జాజు నూరుకుంది. చూపు తగ్గినా చిలుకలు చక్కగానే వచ్చాయి. కుండలు ఆ మనిషి చేతికిచ్చి లోపలికి వచ్చేసింది. మల్ల రాండ్రి అనలేదు. ఆ మనిషి ఆ మాట కోసం గడప దగ్గర కొంతసేపు నిలబడి, పోయాడు.

మంచం పట్టినప్పుడు కూడా, మబ్బు పడితే, "పెంకల మీద గడ్డి కప్పిండ్రా?" అని అడిగేది. ఆమె పోయాక మామ ఆ పెంకలు తీసి ఇంటి అరుగు మీద వేయించాడు. అందరూ కూర్చునే చోట ఉంటే బాగుంటుందన్నాడు. ఆయన మంచితనం అది. ఆ నీడలో కూర్చునే నేను చదువుకున్నాను.

ఉద్యోగం చేసి మానేశాక నేను మళ్లీ కామారెడ్డిలోనే ఇల్లు అద్దెకు తీసుకున్నాను. మా వాడ ఉన్నచోట గోదాములు వచ్చాయి, అవి పోయి దుకాణాలు వచ్చాయి, ఇప్పుడు అద్దాల షాపులు. అక్కడ నిలబడి ముక్కు ఎగబీలిస్తే పెట్రోలు వాసన వస్తుంది. నర్సింలు సేటు వాళ్ల బజారు కూడా తర్వాత రోడ్డు కింద పోయింది. ఆయన కొడుకులు తమ తరఫున చెప్పడానికి నలుగురిని పోగేయాలని తిరిగారట, ఎవరూ రాలేదట. ఆ కబురు విన్న పూట నాకు సంతోషమైందంటే దాచను. ఆ పూట దాటాక మాత్రం అన్నం సయించలేదు. అప్పుడు వాడలు వేరు, కులాలు వేరు, భయాలు వేరు, అయినా ఖాసిం పుండు కోసం ఒక వాడ వాడంతా చెలకల్లో ఆగిపోగలిగింది. ఇప్పుడు గోడకు గోడ ఆనించి కట్టుకున్నాం, పక్కింట్లో దగ్గితే వినబడుతుంది. ఊరు పెద్దదైంది, మనుషులు చదువుకున్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఏ చదువూ లేకుండానే తండ్రి నుంచి కొడుక్కు వచ్చేస్తుంది. మా రవికి అది ఎవరు నేర్పారు? అవ్వ పెంకల నీడలో పెరిగినవాడే వాడు.

ఆ రోజు పగలకుండా మిగిలిన పెంకలను గోడవారకు నేనే పేర్చాను, బోర్లా, ఒకదాని మీద ఒకటి. నడుము విరిగినంత పనైంది. తర్వాత బజారు దాటి ఎదురు వరసలోకి పోయాను. కుట్టుమిషను ముందు సుజాత అనే అమ్మాయి కూర్చుంది. రవి పిల్లల బట్టలన్నీ ఆమె కుట్టినవే. మిషను కుడుతోంది గాని దారం తెగి చాలాసేపైనట్టుంది, చూసుకోలేదు. బజారు వెడల్పు సంగతి మీద మర్నాడే ఆఫీసులో అందరి మాటా వింటారట. "మా వరసోళ్లు చెప్తె ఎవలు వింటరమ్మా, ఇల్లు పోతుందంటె ఏడువరా అంటరు" అంది. ఆ రాత్రి ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. రవిని రమ్మన్నాను. "అత్తా, రేపు మనకు ఆ ఆఫీసుతోనే పనులుంటయి" అని తల గోక్కున్నాడు. ఇంకో మూడిండ్లలో అడిగాను. అందరూ కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు.

పొద్దున తలంటుకొని, సుజాతతో పాటు పోయాను. ఆఫీసులో చిన్న వయసు అధికారి, మర్యాదస్థుడే, నన్ను చూసి లేచి కుర్చీ చూపించాడు. "పెద్దమ్మా, మీది ఏ ఇల్లు? ఎంత పోతుంది?" అని అడిగాడు.

"మాదేం పోతలేదు బిడ్డా" అన్నాను. "అందుకే వచ్చిన."

ఆయన "మీతోని ఇంకెవరన్న వస్తున్నరా?" అని తలుపు దిక్కు చూశాడు. నేనూ తిరిగి అటే చూశాను.